రెండు పెట్టెలు కోసి ఒక పెట్టె



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, కవిత పంపుతానండీ అన్నాను. "కవితలు ఇప్పటికే బస్తాడు వచ్చాయి. పిల్లలు చదివి చేతులతో ఏదన్నా చేసుకునేలా ఒక పాఠం రాయి" అన్నారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ రెండేళ్ళుగా చదువుతోపాటు, ఒక్కోసారి చదువు పక్కనబెట్టి కూడా, చేస్తున్న పని ఒకటుంది. దాని పేరు కిట్‌బాషింగ్. బొమ్మ రైలు పెట్టెల్ని కోసి, ఒకదాని ముక్కను ఇంకోదానికి అతికి, అంగట్లో దొరకని కొత్త పెట్టెను తయారుచేయడం అన్నమాట. కిట్ అంటే విడిభాగాల డబ్బా. బాషింగ్ అంటే బాదడం. పేరు మోటుగా ఉంది గానీ పని మాత్రం చాలా ఓపికతో కూడుకున్నది.

పేరు కొత్తదైనా పని మనకు కొత్త కాదు. ఏడో తరగతిలో నేను మన హాస్టల్‌కు వచ్చేనాటికి నా రేకు పెట్టె అడుగు తుప్పుపట్టి ఊడిపోయి ఉంది. స్టోర్ గదిలో ఎవరో సీనియర్ వదిలేసి వెళ్ళిన పెట్టె ఒకటి కనబడింది. దానికి అడుగు బాగుంది, మూత లేదు. మన వంటాయన ఆ రెండింటినీ కలిపి, బందులు బిగించి, ఆకుపచ్చ రంగు కొట్టి ఇచ్చాడు. ఇంటర్ అయ్యేదాకా అదే నా పెట్టె. కాకపోతే మూత అర అంగుళం పెద్దది. ఎంత నొక్కినా ఒక మూల లేచి ఉండేది, ఆ సందులోంచి బొద్దింకలు దూరేవి. ఆ అర అంగుళం విలువ నాకు ఎమ్మెస్సీలో తెలిసింది.

కొలత ఒకటైతేనే ముక్కలు కలుస్తాయి

రైలు నమూనాలు చేసి నడిపించడం ఐరోపా, అమెరికాలలో వందేళ్ళు దాటిన సరదా. జర్మనీలోని గోపింగెన్ ఊళ్ళో 1859లో పుట్టిన మార్‌క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతకు కొలతల ప్రకారం చేసిన బొమ్మ రైళ్ళను, వాటి పట్టాలను తెచ్చింది. లివర్‌పూల్ వాడైన ఫ్రాంక్ హార్న్‌బీ, మెకానో ఆటవస్తువును కనిపెట్టినాయనే, 1920లో బొమ్మ రైళ్ళు మొదలుపెట్టాడు. అమెరికాలో 1935లో మిల్వాకీ నగరంలో ఈ సరదా ఉన్నవాళ్ళందరూ కలిసి నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ సంఘం చేసిన గొప్ప పని కొలతలు ఖాయం చేయడం. పట్టాల మధ్య దూరం, చక్రం అంచు, పెట్టెకు పెట్టెకు మధ్య తగిలించే కప్లింగు ఎత్తు, అన్నిటికీ అంకెలు పెట్టారు. దాంతో ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీ ఇంజను వెనక నడిచింది. అలా నడవగలిగినప్పుడే ఒక కంపెనీ ముక్కను ఇంకో కంపెనీ ముక్కకు అతకాలన్న ఆలోచన పుడుతుంది.

అతకాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఏ ఫ్యాక్టరీ అయినా వేల సంఖ్యలో అమ్ముడుపోయే రకాన్నే అచ్చు పోస్తుంది. నిజం రైళ్ళలోనేమో వింత పెట్టెలు, మరమ్మతు చేసిన పెట్టెలు, ఏదో ఒక వర్క్‌షాపులో నాలుగే నాలుగు తయారైన పెట్టెలు ఎన్నో ఉంటాయి. అవి కావాలనుకున్నవాడు కత్తి పట్టక తప్పదు. అమెరికాలో ఆథర్న్ కంపెనీ నీలిరంగు అట్టపెట్టెల్లో చవకగా అమ్మిన ప్లాస్టిక్ కిట్లు ఏళ్ళ తరబడి ఈ కత్తులకు బలి అయ్యాయి! కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ అని ఒక ప్రసిద్ధుడు ఉండేవాడు, 1973లో పోయాడు. ఆయన ఒక స్టెగోసారస్ డైనోసార్ బొమ్మను తన రైలు యార్డులో పెట్టెలు లాగే పనికి పెట్టి, దానికి 13వ నంబరు ఇచ్చాడు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలోని అంతరిక్ష నౌకల మీద కనబడే గొట్టాలు, పలకలు కూడా చాలావరకు యుద్ధ ట్యాంకుల, విమానాల కిట్లలోంచి పీకి అంటించినవే. సరే, మళ్ళీ రైలు దగ్గరికి వద్దాం.

అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు

ఈ సరదా నాకు మా డిపార్ట్‌మెంట్ సారు ఒకాయన ద్వారా అంటుకుంది. ఆయన కొన్నేళ్ళు అమెరికాలో పనిచేసి వచ్చారు. ఇంట్లో మంచం కింద తోసేసే చెక్క బల్ల మీద కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు, రెండు ఇంజన్లు, పది పన్నెండు పెట్టెలు ఉన్నాయి. మొదటిరోజే విరిగిన రెండు పెట్టెలు నా చేతిలో పెట్టి, "కత్తి చివర తీయాలి, స్కేలు ముందు తీయాలి" అన్నారు. కొత్త పెట్టె కొనాలంటే నా రెండు నెలల మెస్ బిల్లు అవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలతను హెచ్.ఓ. అంటారు. నిజం వస్తువులో ఒక అడుగు ఉంటే నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. అంటే సుమారు 87లో ఒక వంతు. అడుగు ఇంగ్లీషువాళ్ళది, మిల్లీమీటరు ఫ్రెంచివాళ్ళది, లెక్క మాత్రం చక్కగా పనిచేస్తుంది. మన రైల్వేల నీలిరంగు పాత పెట్టెలు మీకు తెలుసు కదా. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ స్విట్జర్లాండ్ కంపెనీ సహకారంతో 1955 నుంచి తయారుచేసిన రకం అది. ఆ పెట్టె పొడవు 70 అడుగులు. 70ని మూడున్నరతో గుణించండి. 245 మి.మీ. వెడల్పు 3,245 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 37.3 మి.మీ. మనం వాడుకలో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం గానీ, రైల్వేవాళ్ళ లెక్కలో బోగీ అంటే పెట్టె కింద నాలుగు చక్రాలుండే చట్రం. అలాంటి రెండు చట్రాల కేంద్రాల మధ్య దూరం 14,783 మి.మీ., నమూనాలో 170. చక్రం వ్యాసం 915 మి.మీ. అమెరికా ప్రయాణికుల పెట్టెల చక్రం 36 అంగుళాలు, అంటే 914.4 మి.మీ. చూశారా, ఎక్కడి అమెరికా, ఎక్కడి పెరంబూరు! వాళ్ళ చక్రం మన పెట్టెకు చక్కగా సరిపోతుంది.

ఒక్కచోట మాత్రం లెక్క మొండికేస్తుంది. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది 1,435 మి.మీ. ఉండే అమెరికా, ఐరోపా పట్టాలకు సరిపోయే అంకె. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. దాదాపు 3 మి.మీ. తేడా. కాబట్టి హెచ్.ఓ. పట్టాల మీద మన పెట్టె నిలబెడితే, పొట్ట పెద్దదై కాళ్ళు దగ్గరగా పెట్టుకున్న మనిషిలా ఉంటుంది. పట్టాలు కూడా సొంతంగా వేసుకునే ఓపిక ఉంటే 19.3కు వేసుకోవచ్చు. నాకు లేదు. ఆ తప్పు తెలిసి ఒప్పుకున్నాను. తెలియకుండా చేసిన తప్పు వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

మొదటి పని ఏది మంచిది?

కొత్తవాడు ఏ పెట్టెతో మొదలుపెట్టాలని అడిగితే, నిజం రైల్వేవాళ్ళే కోసి మార్చిన పెట్టెతో మొదలుపెట్టమంటాను. అమెరికాలో పాతబడిన సరుకు పెట్టెల్ని రైలు కంపెనీలు పారేసేవి కావు. పక్క గోడలకు కిటికీలు కోసి, పెద్ద జారుడు తలుపు ఉన్నచోట గోడ కట్టి చిన్న తలుపు పెట్టి, కప్పులోంచి పొయ్యి గొట్టం తీసి, పట్టాల కూలీలు పడుకునే పెట్టెగా మార్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పుల్‌మన్ కంపెనీ 2,400 పడక పెట్టెలు చేసింది. యుద్ధం అయిపోయాక అవే సరుకు పెట్టెలుగా, మరమ్మతు సిబ్బంది పెట్టెలుగా మారిపోయాయి. నమూనాలు చేసేవాళ్ళు అదే పని చిన్నగా చేస్తారు. 40 అడుగుల సరుకు పెట్టె కిట్, అంటే 140 మి.మీ. పొడవుది, తీసుకుంటారు. బొమ్మ ఇంటి కిట్‌లోంచి కిటికీలు తీస్తారు. పొయ్యి గొట్టానికి ఏ సన్న గొట్టమైనా చాలు. ఇందులో సుఖం ఏమిటంటే, అతుకు కాస్త కనబడినా ఫరవాలేదు. అసలు పెట్టెలోనే అతుకు ఉంది కదా! సారు నా చేత చేయించిన మొదటి పని ఇదే, మూడు ఆదివారాలు పట్టింది.

ఇలాంటి పెట్టె మన దగ్గర లేదా అని అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. లేకేం? ప్రయాణికుల్ని మోసి మోసి వయసైపోయిన పెరంబూరు రకం పెట్టెల్ని మన రైల్వేలు కార్లు మోసే పెట్టెలుగా మారుస్తాయి. సీట్లు, బెర్తులు, ఫ్యాన్లు పీకేసి, కిటికీలు రేకులతో మూసేసి, ఆటోమొబైల్ ఫ్యాక్టరీల దగ్గరికి పంపుతాయి. వాటిని ఎన్.ఎం.జి. అంటారు, న్యూ మాడిఫైడ్ గూడ్స్ అని. 2018లో పెరంబూరు ఫ్యాక్టరీ ఈ పాత రకం తయారీ ఆపేసి జర్మనీ నమూనా ఎల్.హెచ్.బి. పెట్టెలకు మారింది. 2020లో కరోనా వచ్చినప్పుడు 5 వేలకు పైగా పాత పెట్టెల్ని ఐసోలేషన్ వార్డులుగా మార్చారు. కొన్ని స్టేషన్ల పక్కన పాత పెట్టెలు హోటళ్ళయి కూర్చున్నాయి. ఇదంతా నిలువెత్తు కిట్‌బాషింగే. నేను ఎన్.ఎం.జి. చేద్దామని నిశ్చయించుకున్నాను.

ఫిబ్రవరి 28న జరిగిన అవమానం

తిరునాళ్ళలో బ్యాటరీతో నడిచే బొమ్మ రైళ్ళు అమ్ముతారు కదా, అలాంటివి రెండు కొన్నాను. ఒక్కొక్క పెట్టె 160 మి.మీ. పొడవు, వెడల్పు 37. వెడల్పు సరిపోయింది చూసి ఎగిరి గంతేశాను. రెండు పెట్టెల్లో ఒక్కోదాని ఒక కొసన 37.5 మి.మీ. కోసేస్తే చెరి 122.5 మిగులుతుంది, కలిపితే సరిగ్గా 245. సూపర్ గ్లూతో అతికాను. గట్టిగానే ఉన్నట్టు కనబడింది. జాతీయ సైన్సు దినోత్సవం రోజున సారు తన పట్టాలు డిపార్ట్‌మెంట్‌కు తెచ్చారు. అందరి ముందూ నా పెట్టెను ఇంజను వెనక తగిలించాం, దాని వెనక సారువి మూడు బరువైన పెట్టెలు. తిన్నని పట్టాల మీద బ్రహ్మాండంగా నడిచింది. వంపు దగ్గర టప్‌మంది. ముందు సగం ఇంజనుతో వెళ్ళిపోయింది, వెనక సగం అక్కడే నిలబడిపోయింది. జూనియర్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

ఎందుకు విరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మీకు రెండు పేరాల్లో చెబుతాను.

మొదటి కారణం ప్లాస్టిక్. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. మంచి కిట్లు పాలీస్టైరీన్‌తో చేస్తారు. దానికి వాడే జిగురు నిజానికి జిగురే కాదు, ద్రావణి. అది రెండు అంచుల్నీ కరిగిస్తుంది, కరిగిన అంచులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, ద్రావణి ఆవిరైపోతుంది, మిగిలేది ఒకటే ముక్క. ఇనుముకు వెల్డింగ్ లాంటిది. నేను కొన్న బొమ్మలు పాలీప్రొపిలీన్‌వి. టిఫిన్ డబ్బాలు, సీసా మూతలు చేసే రకం. దాన్ని ఈ ద్రావణులు కరిగించలేవు, సూపర్ గ్లూ కూడా దాన్ని పైపైనే పట్టుకుంటుంది. ఏది ఏదో తెలుసుకోవడం ఎలా? మన హాస్టల్ బకెట్టు చాలు. చిన్న ముక్క కోసి నీళ్ళలో వేసి, బుడగలు లేకుండా వేలితో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్ సాంద్రత నీటికంటే తక్కువ, సుమారు 0.9. అది తేలుతుంది. పాలీస్టైరీన్ సాంద్రత 1.05, మునుగుతుంది. మునిగిన ముక్క మీద గోళ్ళరంగు తుడిచే అసిటోన్ ఒక చుక్క వేస్తే జిగటగా అవుతుంది. అయితే పనికొస్తుంది. ఈ పరీక్ష తిరునాళ్ళలో కొనకముందు చెయ్యలేం కదా అంటారేమో. డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటే చూడండి, 5 అంటే పాలీప్రొపిలీన్, 6 అంటే పాలీస్టైరీన్. ఒక్క మాట, ఈ ద్రావణుల ఆవిరి తలకెక్కుతుంది, నిప్పుకు భగ్గున అంటుకుంటుంది. డార్మిటరీలో తలుపులు వేసుకుని చెయ్యకండి. వంటగది దగ్గర అసలే వద్దు.

రెండో కారణం వంపు. ఇది మీ లెక్కల పుస్తకంలోని వృత్తమే. పెట్టె కింద బోగీలు రెండూ పట్టాల మీద ఉంటాయి, కానీ పెట్టె మధ్యభాగం తిన్నగా ఉంటుంది కాబట్టి వంపులో లోపలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో తెలియాలంటే, బోగీల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వంపు వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించాలి. సారు పట్టాల వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు, 457 మి.మీ. 170ని 170తో గుణిస్తే 28,900. దాన్ని 3,656తో భాగిస్తే 7.9 మి.మీ. పెట్టె కొసలు బయటికి జరిగేది కూడా లెక్కేయొచ్చు. 245 వర్గంలోంచి 170 వర్గం తీసేసి అదే 3,656తో భాగిస్తే 8.5. అంటే నా పెట్టె కొసన ఉన్న కప్లింగు పట్టాల మధ్యగీతకు 8.5 మి.మీ. బయట ఉంది, వెనకనున్న పొట్టి పెట్టె కప్లింగేమో దాదాపు మధ్యలోనే ఉంది. రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా గుంజాయి. అతుకు ఊరుకుంటుందా?

రెండోసారి

రెండోసారి మునిగే ప్లాస్టిక్ బొమ్మలు వెతుక్కున్నాను. వాటి కొలతలు కూడా దాదాపు అవే. ఈసారి కోసే చోటు మార్చాను. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. గోడ మధ్యలో నున్నటి చోట కోస్తే అతుకు జన్మలో దాగదు. కిటికీకి కిటికీకి మధ్య నిలువు గీత ఉన్నచోట, లేదా తలుపు అంచున కోయాలి. అప్పుడు అతుకు కూడా ఒక గీతలా కలిసిపోతుంది. కప్పును మాత్రం గోడలు కోసిన చోట కోయకూడదు, ఒక వేలెడు పక్కకు జరిపి కోయాలి. ఇటుకలు పేర్చేటప్పుడు మేస్త్రీ ఒక వరస సందు మీద ఇంకో వరస సందు రానీయడు కదా, అలాగే.

కోయడానికి రంపం అక్కర్లేదు. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో ఒకే గీతను మెల్లగా పదిసార్లు గీసి, వంచితే గీత వెంట విరుగుతుంది. ఒకేసారి నొక్కి కోద్దామనుకుంటే కట్టర్ జారి వేలు తెగుతుంది (నా ఎడమ బొటనవేలు సాక్షి). విరిగిన అంచును గాజు పలక మీద పరిచిన ఎమెరీ కాగితం మీద రుద్దాలి. చేత్తో పట్టుకుని రుద్దితే అంచు గుండ్రమవుతుంది. ప్రతిసారీ మూలమట్టం పెట్టి చూడాలి. అంచు ఒక్క డిగ్రీ వంకరైనా 245 మి.మీ. పొడవు పెట్టె అరటికాయలా వంగుతుంది. నా రేకు పెట్టె మూల లేచింది ఇందుకే! అతికాక లోపలివైపు అతుకు మీదుగా వెడల్పాటి పట్టీ ఒకటి అంటించాలి. ఆ తర్వాత ఒక రోజంతా ముట్టుకోకుండా ఉండాలి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

కిటికీల మీద అర మిల్లీమీటరు పలకలు అంటించాను. కప్లింగులు సారు ఇచ్చారు. అమెరికాలో కేడీ అనే కంపెనీవి. కీత్, డేల్ అనే కవల సోదరులు పెట్టిన కంపెనీ, ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు. కప్లింగు మధ్యబిందువు పట్టా మీదనుంచి 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా గతుకు వచ్చినచోట జారిపోతుంది. ఈసారి కప్లింగును పెట్టెకు కాకుండా బోగీకే బిగించాను. వంపులో బోగీతోపాటు తిరుగుతుంది. చూడటానికి అంత బాగుండదు, కానీ నడుస్తుంది. చూపుకీ నడకకీ తగాదా వస్తే నేను నడకవైపే ఉంటాను. సారు దీనికి ఒప్పుకోరు.

ఇక బరువు. ఇందులో మంచి ఫిజిక్స్ ఉంది. నిజం పెట్టె 40 టన్నులనుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87 వంతులు తగ్గాయి కాబట్టి బరువు 87ను మూడుసార్లు గుణించినంత, అంటే 6,58,503 వంతులు తగ్గాలి. లెక్కేస్తే సుమారు 61 గ్రాములు వస్తుంది. అంత తేలిక పెట్టె నడవదు. పట్టా అతుకులోని చిన్న గతుకు మన లెక్క ప్రకారం 87 వంతులు తగ్గి కూర్చోదు, కప్లింగు బిగువు కూడా తగ్గదు. బరువైన పెట్టెల మధ్య తేలిక పెట్టె ఉంటే వంపులో దారం లాగినట్టు లోపలికి లాగి పడేస్తాయి. అందుకే అమెరికా సంఘం హెచ్.ఓ. పెట్టెకు ఒక ఔన్సు, దానిపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలని చెప్పింది. నా పెట్టెకు అది సుమారు 165 గ్రాములు. సైకిలు షాపులో వాషర్లు ఏరుకొచ్చి, కెమిస్ట్రీ ల్యాబ్ త్రాసులో తూచి, నేల మీద బోగీలకు పైగా అంటించాను. బరువు కిందికి ఉండాలి, రెండు కొసలకీ సమంగా ఉండాలి.

రంగు గురించి క్లుప్తంగా చెబుతాను. ముందు ఒక పూత బూడిదరంగు ప్రైమర్ వేస్తే కంటికి కనబడని అతుకు కూడా బయటపడుతుంది. పుట్టీ పెట్టి, రుద్ది, మళ్ళీ పూయాలి. మెరిసే రంగు అతుకును చాటుతుంది, మెరవని రంగు దాస్తుంది. చివర్లో సుద్దముక్క, పొయ్యి మసి, ఇటుక పొడి కుంచెతో అద్దితే పదేళ్ళు ఎండకూ వానకూ తిరిగిన పెట్టె అవుతుంది. సుద్దముక్కలకు మన హాస్టల్లో కరువు లేదు!

కారు ఎటునుంచి ఎక్కుతుంది?

డిసెంబరుకు పెట్టె పూర్తయింది. సారు పట్టాల మీద ఇరవై చుట్లు తిరిగింది, పడలేదు. సంక్రాంతి సెలవులకు దాన్ని చొక్కాలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళాను.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఆరో తరగతి నుంచి మొన్నటి స్కాలర్‌షిప్ ఫారం దాకా, తండ్రి వృత్తి అన్న గడిలో "కూలి" అని రాస్తూ వచ్చాను. గూడ్స్ షెడ్డులో పని అని తెలుసు. ఏం పని అని ఎన్నడూ అడగలేదు.

నాన్న పెట్టెను అరచేతిలో పెట్టుకుని కళ్ళ ఎత్తుకు లేపి అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మ "ఎంత బాగుందిరా" అంది. నాన్న ఏమీ అనలేదు. కాసేపటికి, "కిటికీలు మూశావు, పక్క తలుపులు మూశావు, బానే ఉంది. మరి కారు ఎటునించి ఎక్కిద్దిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నేను చూసిన ఫోటోలన్నీ పక్కనుంచి తీసినవి. పెట్టె కొసలు ఎలా ఉంటాయో చూడనే లేదు. బొమ్మకు ఎలా ఉన్నాయో అలాగే, మూసిన గోడలుగా వదిలేశాను. పది నెలలు కొలతలు కొలిచి, పెట్టె చేసే పనేమిటో ఆలోచించలేదు.

అప్పుడు చెప్పాడు. కొస గోడలకే తలుపులు ఉంటాయట. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఇనుప పలక వాల్చితే వంతెన అవుతుందట. చివరి పెట్టె దగ్గర ఎక్కించిన కారు పెట్టెల్లోంచే తోలుకుంటూ మొదటి పెట్టె దాకా వెళ్తుందట. కార్లు దింపేది డ్రైవర్లు. వాళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళి, చక్రాలకు కట్టిన పట్టాలు విప్పి, అడ్డం పెట్టిన దిమ్మెలు తీసేది నాన్నా, ఇంకో ముగ్గురూ. "ఏసంగిలో లోపల పొయ్యిలాగా ఉంటది. కిటికీలు లేవుగా" అన్నాడు. అవును, ఆ కిటికీల మీద పలకలు అంటించింది నేనే. తర్వాత, "లోపల గోడ మీద బెర్తు నంబర్లు ఇంకా ఉంటయిరా. రంగేసినా కనపడతయ్. కొత్తల్లో నేను పై బెర్తు, కింద బెర్తు అని లెక్కపెట్టుకునేవాణ్ణి" అన్నాడు. నాన్న రిజర్వేషన్ పెట్టెలో ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

ఆ రాత్రి ఆయన వేలితో నేల మీద గీసి చూపించిన బొమ్మను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. తలుపు ఎంత వెడల్పు అంటే, చేతులు చాచి చూపించాడు. ఆ చేతుల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, 87తో భాగించాను.

సెలవులు అయ్యాక పెట్టె రెండు కొసలూ మళ్ళీ కోశాను. పూర్తయిన పెట్టెను కోయడం మొదటిసారి కోయడం కంటే భయంగా ఉంటుంది, రంగు పెచ్చులు లేస్తుంది. అంచుల వెంట ముందు టేపు అంటించి కోస్తే కొంత నయం. రెక్కలకు రాగి తీగ ముక్కలతో బందులు చేశాను, తెరుచుకుంటాయి. వాలే పలకకు కూల్‌డ్రింక్ డబ్బా రేకు వాడాను. కప్పు తీసి, లోపలి గోడ మీద గుండుసూది మొనతో బెర్తు నంబర్లు రాశాను. 1 నుంచి 72 దాకా రాయాలనుకున్నాను గానీ 41 దగ్గర కళ్ళు లాగేసి ఆపేశాను.

మన హాస్టల్ లైబ్రరీ బీరువా పై అరలో ఒక చెప్పుల అట్టపెట్టె పెట్టి వచ్చాను. అందులో తిరునాళ్ళ బొమ్మ పెట్టెలు నాలుగు, కట్టర్, ఎమెరీ కాగితాలు, 150 మి.మీ. స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం ఉన్నాయి. నాలుగు పెట్టెల్లో రెండు మునుగుతాయి, రెండు తేలుతాయి. ఏవి ఏవో మీరే చూసుకోండి. నా ఎన్.ఎం.జి. కూడా అందులోనే ఉంది. కప్పు అతికించలేదు, ఎత్తి లోపల చూడవచ్చు. 42 నుంచి మీరు రాయొచ్చు.